పిల్లలకు ఇంట్లో లెక్కలు: వర్క్‌షీటు తీసే ముందు

యూకేజీ పిల్లాడు వంద వరకు గడగడా అప్పజెబుతాడు, ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ మనం చెప్పిస్తాం కూడా. అదే పిల్లాడి ముందు రెండు గుప్పిళ్ల చింతపిక్కలు పోసి 'ఇందులోంచి పద్నాలుగు ఇవ్వరా' అంటే తొమ్మిది దగ్గరో పదకొండు దగ్గరో తడబడతాడు. ఒక పిక్కను రెండుసార్లు లెక్కపెడతాడు, ఇంకోదాన్ని వదిలేస్తాడు. అంకెలు అప్పజెప్పడం వేరు, లెక్క రావడం వేరు. ఇంట్లో లెక్కలు నేర్పాలనుకునే అమ్మానాన్నలు ముందు ఈ తేడా చూసుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది నేరుగా ఎక్కాలు, వర్క్‌షీట్లు, అవీ చాలకపోతే అబాకస్ క్లాసు అని పరిగెడతాం, పిల్లల చేతికి లెక్క అందకముందే కాగితం మీదకు ఎక్కించేస్తాం.

ఇక్కడ చెప్పేది చాలావరకు ఐదేళ్ల నుంచి పదేళ్ల మధ్య పిల్లల గురించి. దీనికి కిట్లూ బోర్డులూ కొనక్కర్లేదు. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు, అది కూడా హోంవర్కంతా అయిపోయి పిల్లలు తూగుతున్న రాత్రి తొమ్మిదింటికి మాత్రం వద్దు.

ముందు ఎక్కడ ఆగారో చూడండి

ఏ క్లాసు అన్నది కాసేపు పక్కన పెట్టండి. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలకు ఒక చిన్న లెక్కల కాగితం ఇస్తారు. ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్య గుర్తుపట్టడం, అప్పు తీసుకుని చేయాల్సిన రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, అంతే. మూడో తరగతి వాళ్లకైనా ఎనిమిదో తరగతి వాళ్లకైనా అవే మెట్లు. మీరూ ఒక తెల్లకాగితం మీద 7, 3 రాయండి, తర్వాత 46, 81, తర్వాత 64 − 28, చివర 875 ÷ 7. పరీక్ష అని చెప్పకండి, టైమ్ పెట్టకండి. పిల్లలు ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మొదలు. స్కూల్లో భిన్నాలు నడుస్తున్నా సరే, తీసివేత దగ్గర ఆగినవాళ్లకు ముందు తీసివేతే కావాలి.

జవాబు తప్పొస్తే ఎలా తప్పిందో చూడండి. 64 − 28కి చాలామంది పిల్లలు 44 అని రాస్తారు. అది నిర్లక్ష్యం అనుకుని తిడతాం కానీ వాళ్ల లెక్కలో ఒక పద్ధతుంది: ఎనిమిదిలోంచి నాలుగు పోతే నాలుగు, ఆరులోంచి రెండు పోతే నాలుగు, ఎప్పుడూ పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలి అని వాళ్లకు వాళ్లే ఒక రూలు పెట్టుకున్నారు. నూట ఐదు రాయమంటే 1005 రాసే పిల్లలూ అంతే, నూరు రాసి పక్కన ఐదు పెట్టారు, విన్నది విన్నట్టు. ఇలాంటి తప్పుకు ఇంకో యాభై లెక్కలు చేయిస్తే ఆ యాభైలోనూ అదే రూలు వాడి దాన్ని ఇంకా గట్టి చేసుకుంటారు.

దీనికి నాకు తెలిసినంతలో చిల్లర డబ్బులను మించింది లేదు. ఆరు పది రూపాయల నోట్లు, నాలుగు రూపాయి బిళ్లలు పిల్లల చేతికిచ్చి 'నాకు 28 రూపాయలివ్వు' అనండి. రెండు పది నోట్లు ఇచ్చేస్తారు. ఇంకా ఎనిమిది రూపాయలు ఇవ్వాలి, చేతిలో బిళ్లలు నాలుగే. అక్కడ ఆగుతారు. ఆగనివ్వండి, అందుకోకండి, పక్కనున్న నాయనమ్మను కూడా అందుకోవద్దని ముందే చెప్పిపెట్టండి. కాసేపటికి వాళ్లే ఒక పది నోటు మీ ముందు పెట్టి చిల్లర అడుగుతారు. ఇప్పుడు వాళ్ల దగ్గర మూడు నోట్లు, పద్నాలుగు బిళ్లలు. ఎనిమిది ఇచ్చేస్తే మిగిలింది 36. బడిలో అప్పు తెచ్చుకోవడం అని చెప్పేది ఇదే, కాకపోతే అప్పు తెస్తే మళ్లీ ఎప్పుడు తీరుస్తాం అని అడిగే పిల్లలుంటారు, వాళ్లడిగింది న్యాయమే. చిల్లర మార్చుకోవడం అంటే ఆ గొడవే లేదు. కొన్ని రోజులు నోట్లతో ఆడాక అదే లెక్కను పక్కనే కాగితం మీద రాయండి: నోటు మార్చగానే 6 కొట్టేసి 5, నాలుగు కాస్తా పద్నాలుగు. చేత్తో చేసింది, కాగితం మీద రాసింది ఒకటేనని వాళ్ల కళ్లకు కనబడాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఇప్పుడు ఇళ్లలో చిల్లరే కనబడటం లేదు, పాల ప్యాకెట్ దగ్గర్నుంచి మూర పూల దాకా అంతా ఫోన్‌తో స్కానే. చిన్నప్పుడు మనల్ని కొట్టుకు పంపి పప్పూ ఉప్పూ తెమ్మంటే, తిరిగొచ్చిన చిల్లర సరిపోయిందో లేదో దారి పొడుగునా లెక్కేసుకుంటూ వచ్చేవాళ్లం, ఆ పని ఈ పిల్లలకు లేదు. అందుకని పనిగట్టుకుని ఒక డబ్బాలో రూపాయి, రెండు, ఐదు బిళ్లలు, ఓ ఇరవై పది నోట్లు, రెండు వంద నోట్లు పెట్టుకోండి. డబ్బు లెక్క ఇంకా తెలియని చిన్నపిల్లలకైతే చీపురు పుల్లలు చిన్న ముక్కలుగా విరిచి, పదేసి కలిపి రబ్బరు బ్యాండు వేయండి. మూడు కట్టలు, ఐదు పుల్లలు అంటే 35. పుల్లలు చాలకపోతే ఒక కట్ట విప్పడమే. నూట ఐదు అంటే పది కట్టలు కట్టిన పెద్ద మోపు ఒకటి, విడి కట్టలు ఏమీ లేవు, పుల్లలు ఐదు. 105 మధ్యలో సున్నా ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

చిన్నవాళ్లతో: గుప్పిట్లో ఎన్ని?

ఐదారేళ్ల వాళ్లకు నేను ముందు ఆడించేది గుప్పిట ఆట. ఏడు చింతపిక్కలు ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. తర్వాత కొన్ని ఒక గుప్పిట్లో దాచి, మిగతావి ఇంకో అరచేతిలో చూపించండి. నాలుగు కనబడుతున్నాయి, గుప్పిట్లో ఎన్ని? మొదట్లో ఊహించి చెబుతారు, తర్వాత వేళ్ల మీద, కొన్నాళ్లకు చూడగానే మూడు అంటారు. ఐదుతో మొదలుపెట్టి పది దాకా వెళ్లండి, పది దగ్గర ఎక్కువ రోజులు ఉండండి. ఆరుకు నాలుగు, ఏడుకు మూడు, ఎనిమిదికి రెండు అని పదిలో జతలు నాలుక మీద ఉన్న పిల్లలకు 8 + 5 అంటే భయం ఉండదు, ఐదులోంచి రెండు తెచ్చి పది చేసి, మిగిలిన మూడు కలిపి పదమూడు అనేస్తారు. కూడికలన్నిటికీ పునాది ఇదే కాబట్టి ఈ ఒక్క ఆట మీదే నెల రోజులు పోయినా నష్టం లేదు.

వేళ్లు పెట్టి లెక్కపెడుతున్నారని చెయ్యి మీద కొట్టకండి. మన పెద్దవాళ్లు బొటనవేలితో కణుపులు తాకుతూ ఒక్క చేతి మీదే పన్నెండు దాకా లెక్కించేవాళ్లు, ఇప్పటికీ జపం చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. పదిలో జతలు వస్తే వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

ఆటల్లో అష్టా చెమ్మా, వామన గుంటలు, పాములు-నిచ్చెనలు ఈ మూడూ బంగారం. అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలు వేసి వెల్లకిలా పడినవి చూడగానే ఎన్నో చెప్పేయాలి. వామన గుంటల్లో పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి గింజలు వేస్తే మొత్తం ఎన్ని కావాలన్నది ఆట మొదలయ్యే ముందే ఒక గుణకారం. ఈ గుంటలో తీసి పంచితే ఎక్కడ ఆగుతుంది అని ముందే లెక్కేసుకునే పిల్లలు గెలుస్తారు, లెక్కేయకపోతే ఓడిపోతారు, మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు.

పాములు-నిచ్చెనలు ఆడేటప్పుడు మాత్రం ఒక్కటి మార్చండి. పావు 23 మీద ఉండి నాలుగు పడితే పిల్లలు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని జరుపుతారు. అలా కాకుండా 24, 25, 26, 27 అని గడిలో అంకె చదువుతూ జరపమనండి. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఇంకా బడికి వెళ్లని పిల్లలు 1 నుంచి 10 దాకా వరుసగా అంకెలున్న బోర్డు మీద రెండు వారాల్లో మొత్తం కలిపి దాదాపు గంటసేపు ఆడితే, రెండింటిలో ఏది పెద్దదో, గీత మీద ఏ సంఖ్య ఎక్కడుంటుందో చెప్పడం బాగా మెరుగైంది. అంకెల బదులు రంగులున్న బోర్డు మీద ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. అంటే అంకెను కళ్లతో చూస్తూ, నోటితో అంటూ, చేత్తో జరపడంలో ఏదో ఉంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలతో ఇంట్లో అంకెలు తెలుగులో అనాలా ఇంగ్లీషులోనా అని చాలామంది అడుగుతారు. రెండూ అనండి. థర్టీన్, థర్టీ దగ్గర తికమకపడే పిల్లలకు పదమూడు, ముప్పై అని పక్కనే చెబితే తేడా వినబడుతుంది. ముప్పై నాలుగు, యాభై ఏడు తెలియని పిల్లలు కూరగాయల బండి దగ్గర నోరు విప్పలేరు, అదో నష్టం.

ఎక్కాలు: నిజంగా బట్టీ పట్టాల్సినవి పదే

ఎక్కాలు రావాలి. అర్థమైతే చాలు, గుర్తుండక్కర్లేదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఏడెనిమిదులు ఎంతో ప్రతిసారీ కూడుకుంటూ కూర్చుంటే భాగహారం సగంలో దారి తప్పుతారు. కానీ రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా వరుసగా పాడించడం వల్ల ఒక చిక్కొస్తుంది: ఏడు ఎనిమిదులు అడిగితే ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి పాడుకుంటూ వస్తే గానీ జవాబు రాదు.

పది పదుల దాకా చూస్తే గడులు వంద. ముందు చింతపిక్కల్ని నాలుగు వరుసలు, వరుసకు ఆరు పేర్చి, ఇప్పుడు ఇటు పక్కకొచ్చి చూడమనండి, ఆరు వరుసలు, వరుసకు నాలుగు. కాబట్టి 4 × 6, 6 × 4 ఒకటే, దాదాపు సగం బరువు అక్కడే దిగిపోయింది. ఒకటి, పది నేర్పనక్కర్లేదు. రెండు అంటే జతలు. ఐదు అంటే పదిలో సగం: 5 × 8 కావాలంటే 80లో సగం 40. నాలుగు అంటే రెట్టింపుకు రెట్టింపు: 4 × 7 కావాలంటే 14, 28. తొమ్మిది అంటే పదిలోంచి ఒకటి తక్కువ: 9 × 7 కావాలంటే 70లోంచి 7 తీస్తే 63. ఇవన్నీ పక్కన పెడితే మిగిలేవి చూడండి: 3 × 3, 3 × 6, 3 × 7, 3 × 8, 6 × 6, 6 × 7, 6 × 8, 7 × 7, 7 × 8, 8 × 8. పదే పది. వీటిని చీటీల మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, వారానికి రెండు చొప్పున, వరుసలో కాకుండా కలగాపులగంగా అడగండి. పన్నెండు దాకా, ఇరవై దాకా తర్వాత చూసుకోవచ్చు. 14 × 6 అంటే పది ఆర్లు అరవై, నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, ఎనభై నాలుగు.

వంటిల్లు, బజారు, వాకిలి

భిన్నాలు అనగానే పిల్లలకు టెన్షన్, కానీ మన ఇళ్లలో పావు, అర, ముప్పావు లేకుండా రోజు గడవదు. పాత గిద్దా సోలా ఇంట్లో ఉంటే బయటికి తీయండి: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యంతో కొలిపించండి, కింద పోస్తారు, పోయనివ్వండి. మానికలో ఎన్ని గిద్దలు పడతాయో ముందు ఊహించమని, తర్వాత పోసి చూడమనండి. పదహారు అని తేలాక గిద్ద అంటే మానికలో పదహారో వంతు అని మీరు చెప్పకుండానే తెలుస్తుంది. పాత కొలతలు లేకపోతే గ్లాసులు, చెంచాలు చాలు.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడగండి. నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే అంటారు చాలామంది. ఒకే సైజు దోసెలు రెండు వేసి, ఒకటి ముగ్గురికి, ఇంకోటి నలుగురికి సమానంగా కోయించి, ఏ ముక్క కావాలో కోరుకోమనండి. చట్నీతో సహా పాఠం అయిపోతుంది.

దోసెల పిండికి ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం పోస్తాం కదా, చుట్టాలొస్తే రెండున్నర గ్లాసుల పప్పు పోశాం, మరి బియ్యం ఎన్ని? ఇడ్లీ స్టాండులో ప్లేటుకు నాలుగు చొప్పున నాలుగు ప్లేట్లు, ఆరుగురం తలా నాలుగు తింటే ఎన్ని వాయిలు వేయాలి? ఇరవై నాలుగును పదహారుతో భాగిస్తే ఒకటిన్నర అని చెప్పిన పిల్లలు, ఒకటిన్నర వాయి ఎలా వేస్తారో కూడా చెప్పాలి. రెండో వాయిలో రెండు ప్లేట్లే పెడతాం అన్నారంటే శేషం అంటే ఏంటో వాళ్లకు తెలిసిపోయింది.

బజారుకు తీసుకెళ్లండి. 1999లో మొదలైన రైతు బజార్లలో ఇప్పటికీ ధరల బోర్డు రాసి ఉంటుంది, చదివించడానికి అంతకన్నా మంచి పుస్తకం లేదు. బీరకాయలు కిలో 48 అయితే ముప్పావు కిలో ఎంత? అర 24, పావు 12, కలిపితే 36. గుణించి భాగించనక్కర్లేదు, సగం, సగంలో సగం చాలు. సంచిలో ఐదు రకాలు పడ్డాక మొత్తం సుమారుగా ఎంతవుతుందో అడగండి. 38ని 40 అనుకో, 62ని 60 అనుకో. సుమారు లెక్క మన బడుల్లో ఎందుకో చిన్నచూపు చూస్తారు కానీ బిల్లు తప్పొచ్చిందని పట్టుకునేది దాంతోనే.

ధనుర్మాసంలో అయితే వాకిట్లోనే లెక్కల పాఠం ఉంది. సందుచుక్కల ముగ్గుకు మధ్య వరుసలో ఏడు చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గించుకుంటూ ఒకటి దాకా పోతే మొత్తం ఎన్ని చుక్కలు? పిల్లల్ని లెక్కపెట్టమనండి: 49. మధ్యలో ఐదు పెడితే 25. నాలుగు పెడితే 16. ఆరు పెడితే ఎంతో చెప్పగలవా, చుక్కలు పెట్టకుండా? ఇక్కడ చాలామంది పిల్లల మొహం మారుతుంది. ఎందుకలా వస్తుందని అడిగితే ముగ్గును కాస్త పక్కకు తిరిగి ఏటవాలుగా చూడమనండి, ఏడు వరుసలు, వరుసకు ఏడు చుక్కలు కనిపిస్తాయి. ఈ ఒక్క ముగ్గుతో వర్గ సంఖ్యలు అయిపోయినట్టే.

క్రికెట్ పిచ్చి ఉన్న ఇంట్లో ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో 18.3 ఓవర్లు అంటే ఎన్ని బంతులో అడగండి; 111, ఇంకా తొమ్మిది మిగిలాయి. దశాంశంలా రాసినా ఇది దశాంశం కాదని, చుక్క తర్వాత ఆరు రాగానే ఓవరు మారిపోతుందని వాళ్లకే బాగా తెలుసు. టైము కూడా అంతే, అరవైకి మారుతుంది: బస్సు 10:45కి ఎక్కి 1:20కి దిగితే ఎంతసేపు? కాగితం మీద తీసివేయించకుండా 11 దాకా పావుగంట, ఒంటిగంట దాకా రెండు గంటలు, ఇంకో ఇరవై నిమిషాలు అని గెంతించండి.

అడిగే పద్ధతి

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మీరు అడిగే ప్రశ్న. 'ఎంత?' తర్వాత 'ఎలా చేశావు?' అని కూడా అడగండి, అదీ జవాబు కరెక్టుగా వచ్చినప్పుడు కూడా అడగండి, లేకపోతే 'ఎలా' అనగానే తప్పు చేశామనుకుని చెరిపేస్తారు. 38 + 27కి ఒకరు ముప్పై ఇరవై యాభై, ఎనిమిది ఏడు పదిహేను, అరవై ఐదు అంటారు. ఇంకొకరు ఏడులోంచి రెండు తెచ్చి 40 + 25 అంటారు. అమ్మ చేసే పద్ధతి ఇంకోటి ఉండొచ్చు. అన్నీ సరైనవే. స్కూల్లో చెప్పినట్టే చేయాలని ఇంట్లో పట్టుబట్టకండి, మనం నేర్చుకున్న పద్ధతిలోనే చేయాలని అసలు పట్టుబట్టకండి.

మాటల లెక్కల్లో 'మొత్తం' అంటే కూడిక, 'ఎక్కువ' అంటే కూడిక, 'మిగిలింది' అంటే తీసివేత అని షార్ట్‌కట్లు నేర్పిస్తుంటారు. దాన్ని ఒక్క లెక్కతో పడగొట్టొచ్చు: అన్న దగ్గర 8 గోళీలున్నాయి, అవి చెల్లి దగ్గరున్నవాటి కన్నా 3 ఎక్కువ, చెల్లి దగ్గర ఎన్ని? షార్ట్‌కట్ పిల్లలు పదకొండు అంటారు. లెక్కను ముందు బొమ్మ వేయించండి, లేదా అంకెలు తీసేసి కథ చెప్పించండి. ఇంకా మంచిది, లెక్క వాళ్లనే తయారు చేయమనండి: 12 ÷ 4 జవాబుగా వచ్చే కథ ఒకటి చెప్పు అంటే పన్నెండు లడ్డూలు నలుగురికి పంచడం కొందరు చెబుతారు, పన్నెండు లడ్డూలు నాలుగేసి డబ్బాల్లో సర్దడం ఇంకొందరు చెబుతారు. రెండూ వేర్వేరు కథలు, జవాబు ఒకటే.

ఇంకోటి. 'నాకూ చిన్నప్పుడు లెక్కలు రావు, వీడికీ నా పోలికే' అని పిల్లల ముందు నవ్వుతూ కూడా అనొద్దు. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ కూర్చుని హోంవర్కు చేయిస్తే ఆ పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని, భయం కూడా పెరిగిందని 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో తేలింది. మీకు లెక్కలంటే చిరాకైతే హోంవర్కు పక్కన కూర్చోవడం మానేసి, వామన గుంటలు ఆడండి, బజారుకు తీసుకెళ్లండి. హోంవర్కు ఇంకెవరైనా చూస్తారు.

ఇంత చేసినా మూడో తరగతికి వచ్చాక కూడా 8, 5లో ఏది పెద్దదో చెప్పడానికి ఒకటి నుంచి లెక్కపెట్టాల్సి వస్తుంటే, నిన్న వచ్చింది ఇవాళ పూర్తిగా మరిచిపోతుంటే, గడియారం, చిల్లర ఏళ్ల తరబడి కొరకరానివిగానే ఉంటే, బద్ధకం అనుకుని ఇంకో ట్యూషన్ పెట్టకండి. డిస్‌కాల్క్యులియా అనే ఇబ్బంది నిజంగా ఉంది, తెలివితేటలతో దానికి సంబంధం లేదు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది, సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు కూడా దొరుకుతాయి. ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, వెళ్లేటప్పుడు మార్కుల కార్డు బదులు పిల్లలు చేసిన లెక్కల నోటుబుక్కు, తప్పులతో సహా, తీసుకెళ్లండి. అవసరమైతే పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికో, పిల్లలతో పనిచేసే సైకాలజిస్టు దగ్గరికో వాళ్లే పంపిస్తారు.